ఉన్నదున్నట్టు కొన్న కారు

ఆ వీధిలో అతని అసలు పేరు తెలిసినవాళ్లు ఇద్దరే: ఉత్తరాలు పంచే మనిషి, కట్టుకున్న భార్య. మిగతా అందరికీ అతను గజంబద్ద. పేరు ఊరికే రాలేదు లెండి. మనిషి నిలువునా సన్నగా, ఎక్కడా ఒంపన్నది లేకుండా ఉంటాడు. పైగా కనబడిన ప్రతిదాన్నీ కొలుస్తాడు. ఎవరైనా ఎదురుపడితే ముఖం చూడడు, భుజాల వెడల్పు చూస్తాడు. కాబోయే భార్యను మొదటిసారి చూసిన రోజున కూడా ఆమె వెనకాల కిటికీకున్న తెర రెండంగుళాలు పొట్టిగా ఉందన్న సంగతే ముందు అతని కంటబడిందట. "మీరు మనువాడింది నన్ను కాదు, ఆ తెరని" అని ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

వాళ్లిద్దరి పనీ కిటికీలకు తెరలు కుట్టడం. ఇంటింటికీ వెళ్లి కొలతలు తీసుకోవడం, కడ్డీలు బిగించడం, తెరలు వేలాడదీయడం అతని వంతు. ముందుగదిలో మిషన్ మీద కుట్టడం ఆవిడ వంతు. పనికేం లోటు లేదు. వచ్చిన చిక్కల్లా కడ్డీలతోనే. నిలువెత్తు కడ్డీలను బస్సులో మోసుకుపోవాలంటే మాటలా! కండక్టరు వాటికి కూడా టికెట్టు కొట్టేవాడు. ఒకసారి కిటికీలోంచి బయటికి పెట్టిన కడ్డీ కొస దారిన పోయే పెద్దమనిషి టోపీని తగిలించుకుపోయింది. ఆయన వెంటపడి పరుగెత్తి, బస్సు కంటే ముందే తర్వాతి స్టాపుకు చేరి, తన టోపీ కోసం తీరిగ్గా నిలబడ్డాడని గజంబద్ద ఒట్టేసి చెబుతాడు. ఆ బస్సు వేగం తెలిసినవాళ్లెవరూ కాదనలేదు.

అలా పుట్టింది కారు ఆశ. కొత్తది కొనే తాహతు లేదు. వాడిన కార్లు అమ్మేవాడు పేటకొకడున్నాడు గానీ, అందరిలోకీ తియ్యగా మాట్లాడేవాడు పంచదార. అది కూడా అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. రేకుల గేటు వెనక, కార్ల నడుమ, గొడుగు కింద బల్ల వేసుకుని కూర్చుంటాడు. వచ్చినవాళ్లకు ముందు టీ ఇస్తాడు, తర్వాతే బేరం. "నేను తాగందే మీ చేత ఎలా తాగిస్తాను?" అంటూ ప్రతివాడితోనూ తానూ ఒక గ్లాసు పుచ్చుకుంటాడు. ఆయన ఏడాదికి తాగే టీలో ఒక మాదిరి పడవ నడపవచ్చు.

కారు కొనబోయినవాళ్లు ఇంజను చూస్తారు, టైర్లు చూస్తారు, తెలివైనవాళ్లయితే మెకానిక్కును వెంటబెట్టుకొస్తారు. మనవాళ్లు వెంట తెచ్చుకున్నది ఒక కర్టెను కడ్డీ. దాన్ని ముందు అద్దం మూల నుంచి వెనక అద్దం మూలకు ఏటవాలుగా పెట్టి చూశాడు గజంబద్ద. సరిగ్గా పట్టింది, ఇంకా అంగుళం మిగిలింది. అతని ముఖం వెలిగిపోయింది. ఆవిడ సీటు తొడుగు అంచు మడిచి, లోపలి కుట్టు గోటితో తడిమి చూసింది. "ఏమండీ, రెండు వరసల కుట్టు. దారం కొస లోపలికి మడిచి ముడేశారు. ఇంత శ్రద్ధగా కుట్టించుకున్నవాళ్లు బండిని ఎంత బాగా చూసుకుని ఉంటారో!"

పంచదార కళ్లు చెమర్చాయి. "అమ్మా, కుట్టు చూసి కారును గుర్తుపట్టిన తల్లివి నువ్వొక్కదానివే."

పొగడ్తకు పడనివాడెవడు? వీధి చివరిదాకా నడిపి వెనక్కి తెచ్చారు. ‘చూసుకుని, నడుపుకుని, నచ్చి, ఉన్నదున్నట్టు తీసుకున్నాను’ అన్న కాగితం మీద గజంబద్ద సంతకం చేశాడు. సగానికి పైగా సొమ్ము ఫైనాన్సు ఆఫీసు అప్పిచ్చింది. ఆ అప్పుకు జామీను నిలబడినవాడు ఆవిడ అన్నగారు. ఆయనకు రొట్టెలు కాల్చే చిన్న బట్టీ ఉంది. ఆ బట్టీనే హామీగా రాసిచ్చి, "దానికేముంది బావా, కారొచ్చాక నా రొట్టెలు కూడా దాంట్లోనే పంచుదాం" అని నవ్వాడు. ఆయన కనురెప్పల మీద ఎప్పుడూ పిండి ఉంటుంది, నవ్వితే రాలుతుంది.

మొదటిసారి బండెక్కి పనికి వెళ్లింది కొండవాలు మీదున్న పళ్ల డాక్టరమ్మ ఇంటికి. వెనక తెరల మూటలు, ఏటవాలుగా కడ్డీలు, ముందు దంపతులు. దర్జాగా వెళ్లారు. గేటు ముందుకు చేరేసరికి కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఆగితే ఆగింది, నాలుగు తలుపులూ ఒక్కసారిగా ‘టక్’ మని బిగుసుకున్నాయి. పిడి లాగితే రాదు. అద్దం దింపబోతే దిగదు. తాళంచెవి తిప్పితే పలకదు.

ఎండ నడినెత్తిన ఉంది. డాక్టరమ్మ వాకిట్లోకి వచ్చి రమ్మని చెయ్యి ఊపింది. లోపల్నుంచి వీళ్లిద్దరూ చేతులూ తలలూ ఊపారు, అద్దం మీద బాదారు. పాపం, ఆవిడ మర్యాదస్తురాలు. మొగుడూ పెళ్లాలు పోట్లాడుకుంటున్నారనుకుని మళ్లీ లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

లోపల ఉడుకుతున్న గంజిలా ఉంది గాలి. గజంబద్ద చొక్కా విప్పాడు. భార్య తెరల మూటలోంచి ఒక మూల తీసి ముఖం తుడుచుకుంది.

"ఏమండీ."

"ఊఁ."

"కొలవండి, ఇంకెంత గాలి మిగిలిందో."

"నీకు వేళాకోళంగా ఉందా?"

"మరేం చెయ్యమంటారు? కడ్డీ పట్టింది, మనమూ పట్టాం. పట్టడం వరకూ మాత్రం ఏ లోటూ లేదు."

ఇంజను చల్లారాక తలుపులు వాటంతటవే వదిలాయి. కారు మళ్లీ ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. ఆ రోజే ఆవిడ దానికి ‘సవతి’ అని పేరు పెట్టింది. "ఉండమంటే ఉండదు, పొమ్మంటే పోనివ్వదు. సవతి కాక ఇంకేమిటి?"

మెకానిక్కు దగ్గరికి తోలుకెళితే కారు బుద్ధిగా నడిచింది. డాక్టరు గుమ్మం ఎక్కగానే పన్నునొప్పి మాయమైనట్టు, దానికి ఏ జబ్బూ లేదు. "జబ్బు చూపిస్తే గదయ్యా మందు వేసేది" అన్నాడు మెకానిక్కు. సరేనని ఆయన్ను ఎక్కించుకుని కొండ చుట్టూ తిప్పాడు గజంబద్ద. బాగా వేడెక్కాక చూపించింది జబ్బు. ఆయన లావుపాటి మనిషి. చల్లారి తలుపు వదలగానే దిగి, అక్కడి నుంచి బస్సెక్కి ఇంటికి వెళ్లిపోయాడు. మర్నాడు తన షెడ్డు గుమ్మంలోంచే, కారుకు దూరంగా నిలబడి చెప్పాడు. "అది వైరు జబ్బు. ఒళ్లంతా విప్పి పేగులన్నీ మార్చాలి. ఆ ఖర్చుతో ఇంకో కారొస్తుంది. జబ్బుందని కావాలంటే రాసిస్తాను గానీ, దాన్ని మాత్రం నా గుమ్మంలోకి తేవద్దు."

ఇక పంచదార దగ్గరికి వెళ్లక తప్పలేదు. ఆయన ముందు టీ పోయించాడు.

"తమ్ముడూ, నా దగ్గరున్నన్నాళ్లూ అది బంగారం. నీ చేతికొచ్చాక ఇత్తడయిందంటే చెయ్యి చూసుకోవాలి గానీ నన్నంటావేం?"

"అన్నా, ఒక్కసారి ఎక్కి కూర్చోండి. కొండదాకా వెళ్లొద్దాం. మీరే చూద్దురు గాని."

"నాకు మోకాళ్ల నొప్పి. కార్లు పడవు."

"కార్లమ్మేవారికి కార్లు పడవా?"

"చెప్పులమ్మేవాడు అన్ని చెప్పులూ తొడుక్కుంటాడా ఏమిటి? టీ చల్లారిపోతోంది, తాగు."

ఫైనాన్సు ఆఫీసులో గది మధ్యన గాజు గోడ. గోడకు చిన్న కంత. కంత అవతల, పెన్ను కొప్పులో గుచ్చుకున్న ఒక ఆవిడ. గజంబద్ద ఒంగి ఒంగి తన గోడునంతా ఆ కంతలో పోశాడు. ఆవిడ శ్రద్ధగానే విన్నది.

"బాబూ, మేం మీకు అప్పిచ్చాం. కారివ్వలేదు."

"అది కదలడం లేదమ్మా!"

"కారు కదలకపోయినా వాయిదా కదులుతూనే ఉంటుంది. ఆపితే కారు మావాళ్లు తీసుకెళ్లి వేలం వేస్తారు. వచ్చింది చాలకపోతే మిగతాది మీరు కట్టాలి. మీ వల్ల కాకపోతే..." కాగితం తిరగేసి చూసింది, "రొట్టెల బట్టీ ఆయన."

గజంబద్దకు గాజు గోడ ఇవతలున్నానో కారు అద్దం లోపలున్నానో ఒక క్షణం తెలియలేదు. కావాలంటే గడువు పెంచి వాయిదా తగ్గించమని అర్జీ పెట్టుకోమంది ఆవిడ. అంటే సవతితో కాపురం ఇంకొన్నేళ్లు పొడిగించుకోమని.

ఆఖరికి ఒక ప్లీడరు గారిని పట్టుకున్నాడు. ముసలాయన. మిద్దె మీద చిన్న గది, పాత కాగితాల వాసన. ఆయన గది కిటికీకి తెర లేదని గజంబద్ద గుమ్మంలోనే గమనించాడు. ఫీజు కింద ఒక తెర కుట్టిస్తానంటే ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు.

"చూడవయ్యా, దారులు లేకపోలేదు. కారు తిరిగిచ్చి సొమ్మడగొచ్చు. అతను కాదంటే వినియోగదారుల కోర్టుకెక్కొచ్చు, దానికి పెద్ద ఖర్చు కూడా కాదు."

"మరి ఆ ఉన్నదున్నట్టు కాగితమో?"

"అది పెద్ద కోటగోడేం కాదు. లోపం తెలిసీ దాచి అమ్మినవాణ్ణి ఆ మాట కాపాడదు. కానీ తెలిసే దాచాడని నువ్వు చూపించాలి. జబ్బుందని మెకానిక్కు చెబుతాడు. అమ్మిన రోజున ఉందనీ, అది అతనికి తెలుసనీ ఎవరు చెబుతారు?"

"అతనే చెప్పాలి."

"చెబుతాడా?"

"టీ ఇస్తాడండి."

ప్లీడరు గారు నవ్వి, నవ్వు మింగేశారు. "అప్పు మాత్రం ఆపకు. అతని తప్పు తేలేలోగా నీ తప్పు తేలుతుంది. ఇక మూడో దారి, అమ్మెయ్యడం. అమ్ముకోవద్దని చట్టం అనదు. జబ్బు చెప్పి అమ్ముకోవచ్చు."

"చెబితే ఎవరు కొంటారండీ?"

"చెప్పకపోతే ఆ పంచదారకీ నీకూ తేడా ఏమిటయ్యా?"

మెట్లు దిగి వస్తుంటే తన బతుకు అడకత్తెరలో పోకచెక్కలా ఉందనిపించింది గజంబద్దకు. ఇంటి ముందు సవతి ఎండలో మెరుస్తూ నిలబడి ఉంది. వీధి మొత్తం మీద అంత శుభ్రంగా ఉన్న వస్తువు అదొక్కటే.

మళ్లీ కడ్డీలు బస్సెక్కాయి. టికెట్ల ఖర్చు అటు, వాయిదాల ఖర్చు ఇటు. ఒక సాయంత్రం బావగారు రొట్టెలు పట్టుకుని వచ్చాడు. కూర్చున్నాడు. చెల్లెలి మిషన్ను కాసేపు చూశాడు. "నాకేం భయం లేదు బావా" అన్నాడు, ఎవరూ అడక్కుండానే. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, "అయినా ఏమన్నా ఇబ్బందుంటే కాస్త ముందుగా చెప్పు, ఏం?" అన్నాడు. ఈసారి కనురెప్పల మీది పిండి రాలలేదు. గజంబద్దకు ఆ రోజు రొట్టె మింగుడుపడలేదు.

అలాంటి సమయంలో పంచదారే కబురు పెట్టాడు.

"తమ్ముడూ, నీ బాధ చూడలేకపోతున్నాను. ఒక బేరం తగిలింది. నర్సమ్మ. సర్కారు జీతం, అప్పు ఆవిడ పేరు మీదికి మారుస్తారు. నీ మెడ ఖాళీ, మీ బావ బట్టీ ఖాళీ."

"జబ్బు సంగతి...?"

"ఏ జబ్బు?" అన్నాడు పంచదార, కొత్తగా పుట్టిన బిడ్డలా చూస్తూ. "కారు నీ పేరు మీదుంది కాబట్టి నువ్వు పక్కన కనబడాలి. వెనక సీట్లో కూర్చో. నోటికి రెండు వరసల కుట్టేసుకో. వీధి మూల దాకా వెళ్లొస్తాం, అయిపోతుంది."

ఇంటికొచ్చి చెబితే భార్య మిషన్ ఆపింది. "మా అన్నయ్య బట్టీ..." అంది. తర్వాత, "ఆ నర్సమ్మకీ ఎవరో అన్నయ్య ఉంటాడు కామోసు" అంది. తర్వాత తల వంచుకుని, "నాకు తెలీదండీ. మీ ఇష్టం" అని మళ్లీ తొక్కడం మొదలెట్టింది. ఆ కుట్టు వంకరపోయింది. ఆవిడ చేతిలో కుట్టు వంకరపోవడం గజంబద్ద చూడటం అదే మొదలు.

నర్సమ్మ పొట్టిగా, గట్టిగా, మాట తూచినట్టు ఉండే మనిషి. ఆవిడ వచ్చేసరికి పంచదార అప్పటికే పొద్దుటి నుంచి వచ్చిన బేరాలన్నిటితోనూ టీ తాగి ఉన్నాడు. ఆవిడతో మరో గ్లాసు తాగాడు. ఆవిడ తనకు టీ అలవాటు లేదంటే, పారబోస్తే పాపమని ఆవిడది కూడా తాగేశాడు.

"పదండి, నడిపి చూస్తాను" అంది నర్సమ్మ. "మీరూ రండి."

"నాకు మోకాళ్ల..."

"అమ్మేవాడు ఎక్కని బండి నేనెందుకు కొంటాను?"

పంచదార వీధి మూల వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు, మనసులో ఏదో లెక్క వేసుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. నర్సమ్మ చక్రం పట్టింది. గజంబద్ద వెనక కూర్చుని మోకాళ్ల మధ్య చేతులు పెట్టుకున్నాడు. కారు మెత్తగా కదిలింది. అది సవతి గదా, మూడో మనిషి ముందు మహా అణకువ.

"దేనికండీ తమకు కారు?" అన్నాడు పంచదార, మాట కోసం.

"కొండవతల పల్లెలకు బస్సు లేదు. నెలలు నిండినవాళ్లను ఆసుపత్రికి చేర్చడానికి. ఒకళ్లయితే పోయినసారి దారిలోనే... సర్లెండి." ఆవిడ మాట అక్కడితో తెంపేసింది. అద్దంలో గజంబద్దను చూసి, "ఏమండీ, మీరు కొలతల మనిషట గదా. వెనక సీటు పొడుగెంత? మనిషి పడుకోగలదా?" అని అడిగింది.

అడిగితే ఆగుతాడా! చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లింది. టేపు లాగి సీటు మీద ఈ తలుపు నుంచి ఆ తలుపుకు పరిచాడు. "మోకాళ్లు ముడుచుకుంటే సరిపోతుందమ్మా" అనబోయి, ఆ ముడుచుకున్న మోకాళ్లను మనసులో చూశాడు. తల ఈ తలుపుకు ఆనుతుంది, పాదాలు ఆ తలుపుకు తగులుతాయి. ఎండ. అద్దాలు దిగవు. నాలుగు తలుపులూ ‘టక్’ మంటాయి. టేపు అతని చేతిలోంచి జారి, చప్పుడు చేస్తూ చుట్టుకుపోయింది.

"ఆఁ, చాలు మేడమ్, ఇక్కడ వెనక్కి తిప్పండి" అంటున్నాడు పంచదార.

ఇంకొక్క మలుపు. నోరు తెరవకుండా ఉంటే చాలు. పిండి అంటిన కనురెప్పలు కళ్ల ముందు ఆడాయి.

"తిప్పకండమ్మా" అన్నాడు గజంబద్ద. "కొండెక్కించండి."

"ఎందుకు తమ్ముడూ, పెట్రోలు దండగ!"

"ఈ కారు సంగతి కొండ మీదే తెలుస్తుందమ్మా."

నర్సమ్మ అద్దంలో ఒకసారి వెనకవాణ్ణి, పక్కకు తిరిగి ఒకసారి ముందువాణ్ణి చూసింది. ఎవరికి చెమట పట్టిందో చూసుకుని గేరు మార్చింది. పంచదార తలుపు పిడి మీద చెయ్యేశాడు గానీ, పరుగెత్తే కారులోంచి దూకే వయసు కాదది.

రాళ్ల క్వారీ మలుపు దగ్గర కారు రెండుసార్లు దగ్గింది. టక్.

"ఇదమ్మా దీని జబ్బు" అన్నాడు గజంబద్ద. "వేడెక్కితే ఆగుతుంది, మనుషుల్ని వదలదు. చల్లారేదాకా ముగ్గురం ఇంతే." చెప్పాక ఒళ్లు తేలికపడుతుందనుకున్నాడు. పడలేదు. చేతికందిన బేరం పోయింది. అప్పు అక్కడే ఉంది, కారు ఇక్కడే ఉంది, తానూ అందులోనే ఉన్నాడు. సొంత చేత్తో తలుపేసుకున్నట్టయింది.

"అయ్యయ్యో! ఇలాంటిది నేనెప్పుడూ చూళ్లేదే!" అన్నాడు పంచదార.

"చూళ్లేదా?" అంది నర్సమ్మ.

"మా అమ్మ మీద ఒట్టు."

సరే, కూర్చున్నారు. ఎండ అద్దాల్లోంచి దిగి ఒళ్లో కూర్చుంది. దారిన ఒక మేకల గుంపు వచ్చి, అద్దంలోంచి వీళ్లను జాలిగా చూసి వెళ్లిపోయింది. నర్సమ్మ కొంగుతో విసురుకుంటోంది. గజంబద్ద కళ్లు మూసుకున్నాడు, అతనికి ఇది అలవాటే. పంచదారకు మాత్రం మెల్లమెల్లగా కొత్త బాధ మొదలైంది. పొద్దుటి నుంచి తాగిన టీలన్నీ ఒక్కటై, బయటికి పోయే దారేదని అడుగుతున్నాయి.

ఆయన కాలు మీద కాలేశాడు. తీశాడు. మళ్లీ వేశాడు. పాట లాంటిదేదో కూనిరాగం తీశాడు.

అలా మెలికలు తిరిగేవాళ్లను నర్సమ్మ ఎంతమందిని చూసిందో. "నొప్పులు ఎంతసేపటికొకసారి వస్తున్నాయి?" అంది నిదానంగా.

"వేళాకోళాలొద్దు మేడమ్!"

"ఇంజను చల్లారడానికి చాలాసేపు పడుతుందండీ" అని వెనకనుంచి గజంబద్ద అందించాడు. "ఈ ఎండకి ఇంకా ఎక్కువే పట్టొచ్చు."

పంచదార ముఖం ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది. ఒక చేత్తో సీటు అంచు పట్టుకున్నాడు. బయట పొద ఒకటి గాలికి ఊగుతూ రా రమ్మని పిలుస్తోంది. మనిషి ఎంత గట్టివాడైనా కొన్నిటి ముందు తల వంచాల్సిందే. ఒక్క ఉదుటున ఆయన కుడికాలి బూటు ఊడబీకాడు. ఒక చేత్తో హ్యాండ్‌బ్రేకు సగం దాకా ఎత్తి పట్టుకుని, ముందుకు ఒంగి, ముందు సొరుగు కింద, కంటికి కనబడని ఏదో మూలన బూటు మడమతో ‘ఠప్, ఠప్’ అని రెండు, కాస్త ఆగి ఒకటి కొట్టాడు.

టక్. నాలుగు తలుపులూ వదిలేశాయి.

ఒంటికాలి బూటుతో కుంటుకుంటూ ఆయన పొద వెనక్కి పరుగెత్తాడు. మోకాళ్ల నొప్పి ఉన్నవాడు అలా పరుగెత్తడం గజంబద్ద అంతకుముందు ఎరగడు.

కారులో ఇద్దరూ తలుపులన్నీ బార్లా తీశారు. నాలుగు తలుపుల్లోంచీ గాలి వస్తోంది.

"ఎప్పుడూ చూళ్లేదన్నాడు గదూ?" అంది నర్సమ్మ.

గజంబద్ద హ్యాండ్‌బ్రేకు వైపు చూశాడు. సొరుగు కిందికి ఒంగి చూశాడు. అక్కడ ప్లాస్టిక్కు మీద గుండ్రంగా అరిగిన మచ్చలు. ఒకదాని మీద ఒకటి, ఎన్నో మడమల గుర్తులు. ప్లీడరు గారి గదిలోని ప్రశ్న గుర్తొచ్చింది. అతనికి తెలుసని ఎవరు చెబుతారు? అతనే చెప్పాడు, బూటుతో. "అమ్మా, మీరు..." అన్నాడు.

"కళ్లున్నాయి, చూశాను. ఎక్కడ చెప్పమంటే అక్కడ చెబుతాను. నెలలు నిండిన పిల్లని ఇందులో పడుకోబెట్టేదాన్ని గదటయ్యా!" ఆవిడ చక్రం మీద అరచేత్తో గట్టిగా ఒకటి కొట్టింది.

పంచదార తిరిగొచ్చాడు, ఒళ్లు తేలికపడి నవ్వు కూడా తిరిగొచ్చింది. "ఏదో అదృష్టం కొద్దీ తగిలింది తమ్ముడూ, గుడ్డిదెబ్బ!"

"అయితే ఎక్కండి" అంది నర్సమ్మ. "మళ్లీ కొండ చుట్టూ తిప్పి, వేడెక్కించి, మీ అదృష్టం ఇంకోసారి చూద్దాం."

ఆయన తలుపు దాకా వచ్చాడు. లోపలికి చూశాడు. ఆగాడు.

"నడిచొస్తాను" అన్నాడు.

ఇంజను చల్లారాక అలా వెనక్కి వచ్చారు. ముందు కారు, నడక వేగంతో. పక్కన పంచదార, ఎండలో, చేతిలో రుమాలుతో. పేటలోకి వచ్చేసరికి పళ్ల దుకాణంవాడు అరిచాడు: "ఏం పంచదారా, కారు పక్కన పెట్టుకుని నడుస్తున్నావేం?" టైర్ల షాపువాడు బయటికొచ్చాడు. క్షౌరశాలలో సగం గడ్డం గీసిన మనిషి కూడా సబ్బు నురగతో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "తానమ్మే కారు తానే ఎక్కడంట!" అన్నారెవరో. ఆ మాట వీళ్ల కంటే ముందే రేకుల గేటు చేరింది. గొడుగు కింద బేరానికొచ్చి కూర్చున్న ఇద్దరు టీ గ్లాసులు సగంలో వదిలేసి లేచిపోయారు.

నోటీసు మాత్రం ప్లీడరు గారే రాశారు, కొత్త తెర పక్కన కూర్చుని. దాంట్లో బూటు సంగతి రాస్తున్నప్పుడు ఆయన రెండుసార్లు కలం కింద పెట్టి నవ్వుకోవాల్సి వచ్చింది. మెకానిక్కు రాసిచ్చాడు, నర్సమ్మ సంతకం పెట్టింది. కోర్టు దాకా వెళ్లనివ్వలేదు పంచదార. కారు వెనక్కి తీసుకుని, గజంబద్ద మొదట ఇచ్చిన సొమ్ము తిరిగిచ్చి, ఫైనాన్సు ఆఫీసులో మిగిలిన అప్పు తానే తీర్చాడు. కంత అవతలి ఆవిడ బట్టీ కాగితం తిరిగిచ్చింది. అప్పటిదాకా కట్టిన వాయిదాలు మాత్రం రాలేదు. పోరాడితే వస్తాయనీ, టైము పడుతుందనీ ప్లీడరు గారన్నారు. గజంబద్ద వద్దన్నాడు. ఇంకో గదిలోకి వెళ్లి తలుపేసుకునే ఓపిక అతనికి లేదు.

కడ్డీలు ఇప్పటికీ బస్సులోనే వెళుతున్నాయి. కండక్టరు టికెట్టు కొడుతూనే ఉన్నాడు. బావగారు నవ్వితే మళ్లీ పిండి రాలుతోంది.

ఒక్కటే మారింది. గజంబద్ద ఏ ఇంటికి వెళ్లినా తలుపు వేయనివ్వడు. పని జరుగుతున్నంతసేపూ పాదంతో దాన్ని ఆపి పట్టుకుంటాడు. ఇంట్లోనూ అంతే.

"ఏమండీ, ఆ తలుపేయండి, దోమలొస్తున్నాయి!"

"ఉండనివ్వు."

"సవతి వెళ్లిపోయి ఎన్నాళ్లయింది? ఇంకా ఎందుకండీ భయం?"

గజంబద్ద లేచి వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాడు. మూశాడు. పిడి తిప్పి చూశాడు. తెరిచాడు. మళ్లీ మూశాడు, మళ్లీ తెరిచాడు.

ఆవిడ మిషన్ తొక్కుతూనే ఉంది. "సరే, రానివ్వండి దోమల్ని" అంది. "అవి లోపలికొచ్చినా, బయటికి పోవాలంటే పోగలవు గదా."